అమెరికా కన్జర్వేటివ్ ఆలోచన: మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒహాయోలో ఒక చిన్న ఊళ్లో పదకొండేళ్లు ఉండి తిరిగొచ్చాను. అక్కడ మా ఇరుగుపొరుగు చాలామంది కన్జర్వేటివ్‌లే. ఇక్కడికి వచ్చాక బంధువులు, స్నేహితులు, వాళ్ల పిల్లలు అడిగే ప్రశ్నలన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటున్నాయి. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను. నేను ఆ శిబిరం మనిషిని కాను, దానికి శత్రువునూ కాను. ఆ ఆలోచనలో కొంత నా మనసుకు బాగా దగ్గరైంది, కొంత ఇప్పటికీ మింగుడుపడదు. రెండూ దాచకుండా చెప్తాను.

కన్జర్వేటివ్ అన్న మాటను తెలుగులో ఏమనాలి?

మన పత్రికలు మూడు మాటలు వాడుతున్నాయి: సంప్రదాయవాది, మితవాది, ఛాందసవాది. మూడింటితోనూ ఇబ్బందే. ఛాందసుడు అనగానే ఎంత చెప్పినా వినని మొండిమనిషి కళ్ల ముందుకొస్తాడు. మితవాది అంటే బడిలో చదువుకున్న జాతీయోద్యమం పాఠంలో గోఖలే. అదే మాటను ఇప్పుడు వామపక్షానికి ఎదుటిపక్షం అనే అర్థంలో రాస్తున్నారు. ఈ రెండు అర్థాలకూ పొంతన లేదు. సంప్రదాయవాది కాస్త నయం. కానీ మార్కెట్ స్వేచ్ఛ తప్ప ఇంకేదీ పట్టని వాళ్లను కూడా అమెరికాలో కన్జర్వేటివ్‌లనే అంటారు, వాళ్లకు సంప్రదాయంతో పనిలేదు. అందుకే నేను ఆ మాటను ఉన్నదున్నట్టే ఉంచేస్తున్నాను.

లిబరల్ అన్న మాటది ఇంకో చిక్కు. ఐరోపాలో పాత అర్థం ప్రకారం లిబరల్ అంటే ప్రభుత్వ జోక్యం తగ్గాలనేవాడు. అమెరికాలో 1930ల నుంచి దాదాపు తిరగబడింది: పేదలకు, కార్మికులకు ప్రభుత్వం మరింత అండగా ఉండాలనేవాడు లిబరల్. ఆస్ట్రియాలో పుట్టిన ఆర్థికవేత్త ఫ్రెడరిక్ హయెక్ తాను కన్జర్వేటివ్‌ను ఎందుకు కాదో చెప్తూ 1960లో ఒక వ్యాసమే రాశారు. అయినా అమెరికా కన్జర్వేటివ్‌లు ఆయన్ని తమ గురువుల్లో ఒకరిగా చూస్తారు. పేర్ల దగ్గరే ఇంత గందరగోళం ఉంది కాబట్టి, ఎవరైనా ఈ మాట వాడితే ఏ అర్థంలో వాడుతున్నారో ముందు చూసుకోండి.

విప్లవంతో పుట్టిన దేశం కదా, అక్కడ కాపాడుకోవడానికి ఏముంది?

మిగతా ప్రశ్నలన్నీ దీని వెనకే వస్తాయి. రాజు లేడు, జమీందారీ వంశాలు లేవు, దేశమంతటికీ ఒక అధికారిక చర్చి లేదు. మరి దేన్ని కాపాడతారు?

వాళ్ల జవాబు ఇది. 1776లో వలస రాష్ట్రాల జనం కొత్త లోకం కట్టడానికి తిరగబడలేదు, తమకు అప్పటికే ఉన్నదాన్ని లాక్కుంటుంటే తిరగబడ్డారు. వర్జీనియాలోని జేమ్స్‌టౌన్‌లో ఎన్నికైన సభ 1619లోనే కూర్చుంది. అంటే స్వాతంత్ర్య ప్రకటన నాటికి తమ వ్యవహారాలు తామే చూసుకునే అలవాటుకు నూట యాభై ఏళ్లు దాటాయి. లండన్ పార్లమెంటు స్టాంపు పన్ను, టీ పన్ను అనేసరికి పాత హక్కు పోతోందని లేచారు. రాజును కాదన్నారు కానీ జ్యూరీలను, ఆస్తి చట్టాన్ని, ఊరి చర్చిని కూల్చలేదు. ఫ్రెంచి విప్లవకారులు క్యాలెండర్‌తో సహా మార్చేశారు. తేడా అక్కడే ఉందంటారు.

ఈ వాదనలో బలముంది. కానీ మనుషులందరూ సమానులుగానే పుట్టారని ఆ ప్రకటనలోనే ఉంది. అది ఏ ఒక్క ఊరి అలవాటు గురించో కాదు, లోకంలో ప్రతి మనిషి గురించీ చెప్పిన మాట. కాపాడాల్సింది ఆ అలవాట్లనా, ఆ మాటనా? అమెరికా కన్జర్వేటివ్‌ల ఇంటి తగాదాల్లో సగం ఇక్కడ మొదలైనవే.

ఎడ్మండ్ బర్క్ ఐర్లాండ్‌లో పుట్టి లండన్ పార్లమెంటులో పనిచేసిన మనిషి. ఆయన పేరు అమెరికాలో ఎందుకింత వినిపిస్తుంది?

బర్క్ అమెరికా వలస రాష్ట్రాలతో రాజీ పడమని 1775లో పార్లమెంటులో వాదించారు. 1790లో ఫ్రెంచి విప్లవాన్ని తీవ్రంగా విమర్శిస్తూ పుస్తకం రాశారు. సమాజం అంటే ఇప్పుడు బతికున్నవాళ్ల మధ్య ఒప్పందం మాత్రమే కాదు, పోయినవాళ్లకు, ఉన్నవాళ్లకు, ఇంకా పుట్టనివాళ్లకు మధ్య భాగస్వామ్యం అన్నది ఆయన ఆలోచనకు ప్రాణం. 1953లో మిషిగన్‌కు చెందిన రస్సెల్ కర్క్ బర్క్‌ను మూలపురుషుడిగా నిలబెట్టి ఒక పెద్ద గ్రంథం రాశాక, అమెరికాలో ఒక తరం కన్జర్వేటివ్‌లు బర్క్‌ను తమవాడిగా చదువుకోవడం మొదలుపెట్టింది.

నేను దగ్గరయింది మాత్రం వేరే దారిలో. బర్క్ 1785 ఫిబ్రవరి 28న ఆర్కాటు నవాబు అప్పుల మీద ఒక ప్రసంగం చేశారు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులే నవాబుకు భారీ వడ్డీకి అప్పులిచ్చి, ఆ వడ్డీ కోసం కర్ణాటక దేశపు (ఇప్పటి కర్ణాటక రాష్ట్రం కాదు, ఆ నవాబు ఏలిన సీమ) శిస్తును పిండుకుంటున్నారు. అప్పుడు నెల్లూరు సీమ కూడా ఆ నవాబు కిందిదే. అప్పుల నిజానిజాలు విచారించకుండానే తీర్చేద్దామని ప్రభుత్వం అంటే బర్క్ అడ్డం నిలబడ్డారు. ఆయన జీవితంలో ఒక్కసారి కూడా ఇండియా రాలేదు. అయినా ఆ ప్రసంగం మధ్యలో ఆగి, మన చెరువుల గురించి చెప్పారు. మట్టి కట్టలు, రాతి పని, కట్టుడు తూములు, వాన లేని నెలల కోసం నీళ్లు దాచుకునే తీరు. కర్ణాటకలో, తంజావూరులో పెద్దవీ మధ్యరకంవీ కలిపి పదివేలకు తక్కువ ఉండవన్నారు. ఇవి నిజమైన రాజుల గుర్తులు, తాము చూడబోని తరాలను కూడా తమ బిడ్డలే అనుకున్నవాళ్లు కట్టినవి అన్నారు.

మా అమ్మమ్మగారి ఊరు నెల్లూరు జిల్లాలో చెరువు కిందే. కలుజు పారిన రోజు ఊరంతా కట్ట మీదే ఉండేది. కట్ట ఎవరు వేశారో ఎవరికీ పేరు తెలీదు, కానీ తూము దగ్గర పూడిక తీసే రోజు ఎవరూ ఇంట్లో కూర్చునేవాళ్లు కాదు. ముందటివాళ్లు ఇచ్చింది చెడగొట్టకుండా తర్వాతివాళ్లకు అప్పజెప్పాలన్న బర్క్ మాట నాకు ఫ్రాన్స్ వల్ల కాదు, ఆ తూము వల్ల అర్థమైంది.

ఇది ఒక ఉద్యమంగా ఎప్పుడు మొదలైంది?

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత. 1933 నుంచి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ తెచ్చిన న్యూడీల్ అనే ప్రభుత్వ సాయ పథకాల వల్ల వాషింగ్టన్ చేతికి ఎప్పుడూ లేనంత అధికారం వచ్చింది. అది నచ్చనివాళ్లు ఉన్నారు, కానీ చెదిరిపోయి ఉన్నారు. ప్రణాళికా ఆర్థిక వ్యవస్థ చివరికి నిర్బంధానికి దారితీస్తుందని హయెక్ 1944లో హెచ్చరించారు. ఒకప్పుడు సోవియట్ గూఢచారిగా పనిచేసి బయటికొచ్చిన విటాకర్ చాంబర్స్ 1952లో తన కథ రాశారు. 1955 నవంబర్‌లో విలియం బక్లీ నేషనల్ రివ్యూ పత్రిక పెట్టారు. అప్పటికి ఆయనకు ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు. చరిత్రకు అడ్డంగా నిలబడి "ఆగు" అని అరవడం తమ పని అని మొదటి సంచికలోనే రాసుకున్నారు.

ఆ పత్రికలో రాసిన పెద్ద తలకాయల్లో చాంబర్స్, ఫ్రాంక్ మేయర్, జేమ్స్ బర్నమ్ ముగ్గురూ మాజీ కమ్యూనిస్టులే. ఎర్రజెండా మోసి, లోపల చూసి, బయటికొచ్చినవాళ్ల కోపంలో ఎంత పదును ఉంటుందో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

బక్లీ చేసిన పనుల్లో నేను గౌరవించేది ఒకటుంది. 1958లో పుట్టిన జాన్ బర్చ్ సొసైటీ నాయకుడు రాబర్ట్ వెల్చ్, అధ్యక్షుడు ఐసెన్‌హోవరే కమ్యూనిస్టుల మనిషి అనేవరకు వెళ్లాడు. ఆ సంఘంలో నేషనల్ రివ్యూ చందాదారులు చాలామంది ఉన్నారు. అయినా 1962లో బక్లీ వెల్చ్‌ను పేరు పెట్టి విమర్శించారు. సొంత మనుషుల్లో పిచ్చి ముదిరినప్పుడు నష్టానికి సిద్ధపడి కాదనగలగడం ఏ పక్షంలోనైనా అరుదు.

మార్కెట్ స్వేచ్ఛ, సంప్రదాయం రెండూ ఒకే ఒరలో ఎలా ఇముడుతాయి?

ఇమడవని చెప్పిన కన్జర్వేటివ్‌లు మొదటి నుంచీ ఉన్నారు. కర్క్ కారు నడపలేదు. కారును ఆయన యంత్రరూపంలోని జాకోబిన్ అన్నారు, అంటే ఫ్రెంచి విప్లవకారుల్లాగే అది పాత ఊళ్లను చిందరవందర చేసిందని. ఇమిడ్చి చూపించడానికి శ్రమపడింది ఫ్రాంక్ మేయర్. బలవంతం మీద వచ్చిన సద్గుణం సద్గుణమే కాదు, కాబట్టి ప్రభుత్వం పని స్వేచ్ఛను కాపాడడం, మంచితనం నేర్పడం కుటుంబం, చర్చి, ఊరు చూసుకోవాల్సిన పని అన్నారు. దీనికి ఫ్యూజనిజం అని పేరొచ్చింది. కర్క్‌కు ఇది నచ్చలేదు, ఇద్దరూ చాలాకాలం వాదించుకున్నారు. ఉమ్మడి శత్రువుగా సోవియట్ యూనియన్ ఉన్నన్నాళ్లూ అతుకు నిలబడింది.

నాకు వీళ్లందరికంటే రాబర్ట్ నిస్బెట్ ఎక్కువ ఉపయోగపడ్డారు. సమాజశాస్త్రం ప్రొఫెసర్. 1953లోనే ఆయన చెప్పింది: మనిషికీ రాజ్యానికీ మధ్య కుటుంబం, చర్చి, సంఘం, వీధి ఉంటాయి. అవి బలహీనపడినకొద్దీ ఒంటరి మనిషి నేరుగా రాజ్యాన్ని పట్టుకు వేలాడతాడు. 1831లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన తోక్‌విల్ కూడా అమెరికన్లు ప్రతిదానికీ సంఘం పెట్టుకోవడం చూసి ఆశ్చర్యపోయారు.

దీన్ని నేను మా ఊరి ఫైర్‌స్టేషన్‌లో చూశాను. అక్కడ మంటలార్పేవాళ్లకు జీతం లేదు, అందరూ వాలంటీర్లే. ఏడాదికోసారి ఆదివారం పొద్దున ఫైరింజన్‌ను బయట ఎండలో నిలబెట్టి, షెడ్డులో పొడుగు బల్లలు వేసి పాన్‌కేకుల టిఫిన్ పెట్టేవాళ్లు. గుమ్మం దగ్గర రేకు డబ్బా, అందులో ఎవరికి తోచింది వాళ్లు వేయాలి. గోడకు వరసగా బరువైన కోట్లు, వాటి వీపు మీద ఇంటిపేర్లు. ఒకే ఇంటిపేరుతో మూడు కోట్లు చూశాను: తాత, కొడుకు, మనవరాలు. పెనం మీద పిండి పోస్తున్నాయన ప్లంబర్. కొత్త గొట్టాల కోసం ఇంత తిప్పలెందుకు, పన్ను వేసి కొనేయొచ్చుగా అని అడిగాను. "అప్పుడు మంటలు మాత్రం ఆరతాయి, మేం ఒకరికొకరం తెలియం" అన్నారు.

అదే ఊళ్లో ఫ్యాక్టరీ మూతపడి, కుర్రాళ్లు పెద్ద ఊళ్లకు పోయి, ఆ గోడ మీద కోట్లు తగ్గుతూ వచ్చాయి. ఫ్యాక్టరీని తీసుకెళ్లింది ప్రభుత్వం కాదు, మార్కెట్. దీనికి ఫ్యూజనిజం దగ్గర సరైన జవాబు లేదని నా అభిప్రాయం.

జాతి విషయంలో వీళ్లు ఎక్కడ నిలబడ్డారు?

తప్పు వైపు నిలబడ్డారు, అదీ చాలాకాలం. మెత్తగా చెప్పాల్సిన అవసరం లేదు. 1957లో నేషనల్ రివ్యూ సంపాదకీయం, నల్లవాళ్లు ఎక్కువగా ఉన్నచోట కూడా రాజకీయంగా పైచేయి తెల్లవాళ్లదే కావాలని సమర్థించింది. 1965లో కేంబ్రిడ్జ్ యూనియన్ చర్చలో నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్, బక్లీ ఎదురెదురుగా నిలబడ్డారు. ఓట్లు బాల్డ్విన్ పక్షానికి 544, బక్లీ పక్షానికి 164.

రిపబ్లికన్ సెనేటర్ బారీ గోల్డ్‌వాటర్ సంగతి ఇంకొంచెం చిక్కుముడి. 1957, 1960 పౌరహక్కుల చట్టాలకు ఆయన ఓటేశారు. 1964 చట్టానికి మాత్రం వ్యతిరేకంగా వేశారు. హోటలు యజమాని ఎవర్ని రానివ్వాలో చెప్పే అధికారం కేంద్రానికి రాజ్యాంగం ఇవ్వలేదన్నది ఆయన వాదన. నిజానికి సెనేట్‌లోని 33 మంది రిపబ్లికన్లలో 27 మంది ఆ చట్టానికి అనుకూలంగా ఓటేశారు. కానీ ఆ ఏడాది అధ్యక్ష ఎన్నికల్లో గోల్డ్‌వాటర్ గెలిచింది ఆరు రాష్ట్రాలే: సొంత రాష్ట్రం అరిజోనా, దక్షిణాదిలో అయిదు. ఆ అయిదూ ఎందుకు వచ్చాయో ఆయనకూ తెలుసు, పార్టీకీ తెలుసు. ఆ తర్వాత దక్షిణాది తెల్ల ఓటు మెల్లగా డెమోక్రాట్లను వదిలి రిపబ్లికన్ల వైపు చేరింది.

తాను పొరబడ్డానని, కేంద్రం జోక్యం అవసరమే అయిందని బక్లీ 2004లో ఒప్పుకున్నారు. ఒప్పుకోవడం మంచిదే, కానీ నన్ను బాధపెట్టేది దానికంటే లోతుగా ఉంది. పెద్దలు ఇచ్చినదాన్ని జాగ్రత్తగా అందుకోవాలని చెప్పే ఆలోచన, పెద్దల నుంచి సంకెళ్లు మాత్రమే అందుకున్నవాడి వైపు తిరిగి చూడలేదు. ఊళ్లో కట్టుబాట్ల గురించి మాట్లాడే మనం కూడా, ఆ చెరువు నీళ్లు ఎవర్ని ముట్టుకోనిచ్చేవాళ్లు కాదో గుర్తుంచుకుని దీన్ని చదవాలి.

నల్లజాతి కన్జర్వేటివ్‌లు లేరా అని అడుగుతారు. ఉన్నారు. ఉత్తర కరోలినాలో పుట్టి న్యూయార్క్ హార్లెంలో పెరిగిన థామస్ సోవెల్ యవ్వనంలో మార్క్సిస్టు. తర్వాత మార్కెట్ వైపు తిరిగి, మంచి ఉద్దేశంతో తెచ్చిన పథకాలు పేదలకు అసలేం చేశాయో లెక్కలు తీయడానికే జీవితం పెట్టారు. 1991 నుంచి సుప్రీంకోర్టులో ఉన్న క్లారెన్స్ థామస్ మీద సోవెల్ ప్రభావం ఎక్కువ.

చరిత్ర గురించి వాళ్లలో వాళ్లకే గొడవ ఏమిటి?

లింకన్ గురించి. హ్యారీ జాఫా 1959లో లింకన్‌ను అమెరికా ఆదర్శానికి నిలువెత్తు రూపంగా చూపించారు. స్వాతంత్ర్య ప్రకటనలో సమానత్వం గురించిన ఆ మాటే దేశానికి పునాది, బానిసత్వం దానికి ద్రోహం అన్నారు. టెక్సస్‌లో పనిచేసిన మెల్ బ్రాడ్‌ఫర్డ్‌కు లింకన్ అంటే రాష్ట్రాల హక్కులను తొక్కి, సమానత్వం పేరుతో దేశాన్ని ఎడతెగని విప్లవంలోకి నెట్టినవాడు. ఇద్దరూ కన్జర్వేటివ్‌లమనే చెప్పుకున్నారు. 1981లో రేగన్ ప్రభుత్వం మానవీయ శాస్త్రాల జాతీయ సంస్థ అధిపతిగా బ్రాడ్‌ఫర్డ్‌ను అనుకుంటే, ఈ లింకన్ రాతలే అడ్డొచ్చి ఆ పదవి విలియం బెనెట్‌కు వెళ్లింది. నేను జాఫా వైపే. బ్రాడ్‌ఫర్డ్ వాదన ఎంత పాండిత్యంతో ఉన్నా బానిస నోట ఒక్క మాటా పలికించదు.

ఈ మధ్య గొడవ బయటివాళ్లతో. 2019లో న్యూయార్క్ టైమ్స్, ఆఫ్రికన్ బానిసలు వర్జీనియా చేరిన 1619ను కేంద్రంగా పెట్టి చరిత్ర చెప్పింది. దానికి పోటీగా ట్రంప్ 2020లో 1776 కమిషన్ వేశారు. దాని నివేదిక 2021 జనవరిలో వచ్చింది. ఎన్నికైన సభ కూర్చున్నదీ, బానిసలు దిగిందీ ఒకే ఏడాది, ఒకే వర్జీనియాలో. రెండూ ఒకే పేజీలో రాయగలిగే చరిత్రకారుడి కోసం నేనింకా చూస్తున్నాను.

రేగన్ నిజంగా ఏం చేశారు?

ముందు కాలిఫోర్నియా చూడాలి. 1978 జూన్‌లో అక్కడి ఓటర్లు ప్రతిపాదన 13 గెలిపించారు. ఇళ్ల ధరలు పెరిగి పన్నులు కట్టలేక పెద్దవాళ్లు ఇళ్లు పోగొట్టుకుంటామని భయపడుతున్న రోజులవి. ఆస్తి పన్ను విలువలో 1 శాతానికి, ఏటా విలువ పెంపు 2 శాతానికి మించకూడదని కట్టడి చేశారు. పన్నుల మీద తిరుగుబాటు దేశమంతా పాకింది. దాని ఇంకో ఫలితం గురించి తక్కువ చెప్తారు: ఊరి బడికి ఊరి పన్ను తగ్గేసరికి డబ్బూ, దాంతోపాటు పెత్తనమూ రాష్ట్ర రాజధానికి పోయాయి.

రేగన్ 1981లో అధికారంలోకి వచ్చాక ఆదాయపు పన్ను గరిష్ఠ రేటు 70 శాతం నుంచి 50కి, 1986 చట్టంతో 28కి దిగింది. ప్రస్తుత సంక్షోభానికి ప్రభుత్వం పరిష్కారం కాదు, ప్రభుత్వమే సమస్య అన్న ఆయన మాటలో "ప్రస్తుత సంక్షోభానికి" అన్న ముక్కను అందరూ వదిలేసి చెప్తారు. సైన్యం ఖర్చు పెరిగింది, జాతీయ రుణం ఆయన దిగిపోయే నాటికి సుమారు మూడు రెట్లయింది. సోవియట్ నాయకుడు గోర్బచేవ్‌తో కూర్చుని 1987లో అణు క్షిపణుల ఒప్పందం చేసుకున్నారు, అది చాలామంది సొంతవాళ్లకు అప్పట్లో నచ్చలేదు. 1986లో దాదాపు 27 లక్షల మంది అక్రమ వలసదారులకు చట్టబద్ధత దొరికే చట్టం మీద సంతకం పెట్టారు. నేటి రిపబ్లికన్ సభలో ఈ ముక్క చెప్తే చప్పట్లు పడవు.

మతం, కుటుంబం ఎందుకంత ముఖ్యం?

1973లో సుప్రీంకోర్టు రో కేసులో గర్భస్రావాన్ని రాజ్యాంగ హక్కుగా ప్రకటించింది. అంతవరకు ఒకరినొకరు అనుమానంగా చూసుకున్న కేథలిక్కులు, ఇవాంజెలికల్ ప్రొటెస్టెంట్లు ఆ తర్వాత మెల్లగా ఒక వేదిక మీదికి వచ్చారు. 1979లో పాస్టర్ జెర్రీ ఫాల్వెల్ మోరల్ మెజారిటీ అనే సంఘం పెట్టారు.

వీళ్లకంటే ముందే దారి చూపించింది ఫిలిస్ ష్లాఫ్లీ. స్త్రీపురుష సమాన హక్కుల రాజ్యాంగ సవరణను అమెరికా కాంగ్రెస్ 1972లో ఆమోదించింది, 38 రాష్ట్రాలు ఒప్పుకుంటే చాలు. ఇక లాంఛనమే అనుకున్నారు. ష్లాఫ్లీ గృహిణులను కూడగట్టారు, వాళ్లు ఇంట్లో కాల్చిన బ్రెడ్డు, జామ్ పట్టుకుని శాసనసభ్యుల గదులకు వెళ్లారు. లెక్క 35 దగ్గర ఆగిపోయింది, 1982లో గడువు ముగిసింది. ఇల్లే ఆడదానికి చోటు అన్న ఆమె వాదనతో నేను ఏకీభవించను. ఆమె సొంత జీవితం కూడా ఆ వాదనలో ఇమడలేదు. కానీ ఇల్లు నడపడాన్ని పనిగా లెక్కేయని చదువుకున్నవాళ్ల మీద ఆ గృహిణుల కోపం నిజమైనది.

కోర్టులో వాళ్లు చెప్పే ఒరిజినలిజం ఏమిటి?

రాజ్యాంగంలోని మాటకు, ఆ మాట రాసిన రోజున జనానికి తెలిసిన అర్థమే ఇవ్వాలి, మార్చాలంటే సవరణ చేసుకోవాలి, జడ్జీలు మార్చకూడదు అన్న పద్ధతి. 1982లో కొందరు లా విద్యార్థులు ఈ పద్ధతి కోసం ఫెడరలిస్ట్ సొసైటీ పెట్టారు. 1986లో ఈ పద్ధతివాడే ఆంటొనిన్ స్కేలియా సుప్రీంకోర్టు జడ్జిగా వెళ్లారు. మరుసటి ఏడు అదే కోర్టుకు ప్రతిపాదించిన రాబర్ట్ బోర్క్‌ను సెనేట్ 58–42తో తిరస్కరించింది, ఆ గాయం వాళ్లు మరచిపోలేదు. నలభై ఏళ్లు ఓపిగ్గా న్యాయమూర్తులను తయారు చేసుకున్నారు, 2022 జూన్ 24న డాబ్స్ తీర్పుతో రో పోయింది. నచ్చినా నచ్చకపోయినా, ఇంత దీర్ఘకాలం ఒకే లక్ష్యం మీద పనిచేసిన రాజకీయం ఈ మధ్య ఇంకొకటి నేను చూడలేదు.

తుపాకుల సంగతి?

ఆయుధాల హక్కు గురించిన రాజ్యాంగ రెండో సవరణ 1791 నాటిది. సొంత రక్షణకు ఇంట్లో తుపాకీ ఉంచుకోవడం వ్యక్తి హక్కని సుప్రీంకోర్టు 2008లో 5–4తో తేల్చింది. ఇందులో ఆలోచన కంటే జీవనశైలి ఎక్కువ.

నియోకాన్ అంటే ఎవరు?

మొదట లెఫ్ట్‌లో ఉండి, 1960ల సంక్షేమ పథకాల ఫలితాలు చూసి, సోవియట్ భయంతో కుడి వైపు జరిగిన న్యూయార్క్ మేధావులు. ఇర్వింగ్ క్రిస్టల్ వాళ్లలో పెద్ద. మొదట్లో వాళ్ల బలం లెక్కలు, ఆధారాలు. తర్వాతి తరం 2003 ఇరాక్ యుద్ధాన్ని నెత్తికెత్తుకుంది. తమ ఊరి బడినే వాషింగ్టన్ నడపలేదని చెప్పేవాళ్లు, వాషింగ్టన్ బాగ్దాద్‌ను మార్చగలదని ఎలా నమ్మారో నాకు అర్థం కాలేదు. నమ్మని కన్జర్వేటివ్‌లూ ఉన్నారు, యుద్ధానికి ముందే 2002లో దాన్ని వ్యతిరేకిస్తూ వేరే పత్రిక పెట్టుకున్నారు.

ట్రంప్ కన్జర్వేటివేనా?

2016 జనవరిలో నేషనల్ రివ్యూ ట్రంప్‌కు వ్యతిరేకంగా ప్రత్యేక సంచికే వేసింది. రేగన్ నాటి కొలతతో చూస్తే కాదు: సుంకాలు ఇష్టం, ఖర్చు తగ్గించడం మీద పట్టింపు లేదు. కానీ అంతకు ముందటి కొలతా ఒకటుంది. పందొమ్మిదో శతాబ్దంలో రిపబ్లికన్లది సుంకాల పార్టీయే. 1992లో పాట్ బుకానన్ విదేశీ యుద్ధాలు వద్దు, వలస తగ్గాలి, ఫ్యాక్టరీలు కాపాడాలి అని రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీ చేసి ఓడిపోయారు. ట్రంప్ ఆ దారిలోనే నడిచి గెలిచారు.

ఆయన వెనక ఆలోచన సమకూర్చేవాళ్లు వేరే ఉన్నారు. ప్రొఫెసర్ ప్యాట్రిక్ డెనీన్ లాంటివాళ్లు మార్కెట్ స్వేచ్ఛ కూడా కుటుంబాన్ని, ఊరిని తినేసిందంటారు. ఆ ఫైర్‌స్టేషన్ గోడ గుర్తొచ్చి ఈ మాట నాకు తగులుతుంది. కానీ వాళ్లు చూపించే మందు, కేంద్ర అధికారాన్ని పట్టుకుని తమవైపు తిప్పడం. బర్క్ భయపడింది సరిగ్గా దానికే. 2020 ఎన్నికల ఫలితాన్ని ఒప్పుకోకపోవడం, 2021 జనవరి 6న పార్లమెంటు భవనం మీద దాడి, వీటిని సంస్థలను కాపాడే ఆలోచన పేరుతో ఎవరూ సమర్థించలేరు.

మన పిల్లల వీసాల మీద దీని ప్రభావం?

ఫోన్ చేసే ప్రతి ఇంట్లో ఇదే టెన్షన్. ఇప్పుడు ఆ శిబిరంలో రెండు మాటలున్నాయి. నైపుణ్యం ఉన్నవాళ్లు రావాలనేది వ్యాపారవర్గం మాట, ముందు అమెరికన్లకు ఉద్యోగాలు అనేది జాతీయవాదుల మాట. 2024 డిసెంబర్‌లో హెచ్-1బి మీద ఈ రెండు వర్గాలూ బాహాటంగా తిట్టుకున్నాయి. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. ఉపాధ్యక్షుడు వాన్స్ భార్య ఉష తల్లిదండ్రులు ఆంధ్ర నుంచి వెళ్లినవాళ్లు, పూర్వీకుల ఊరు తణుకు దగ్గర వడ్లూరు. ఆ చుట్టరికం చూసి విధానం మారుతుందనుకోవద్దు. కుటుంబం, చదువు, కష్టపడడం గురించి వాళ్లు చెప్పేది విని, ఇది మన పార్టీయే అనుకునే తెలుగువాళ్లు చాలామంది నాకు తెలుసు. ఆ విలువలు అక్కడ చాలామందికి క్రైస్తవం నుంచి వేరు చేసి చూడలేనివి. చేరేముందు అది తెలుసుకుని చేరాలి.

మన దగ్గర ఇలాంటి ఆలోచన ఎప్పుడైనా ఉందా?

స్వతంత్ర పార్టీని చూడండి. 1959లో కాంగ్రెస్ నాగపూర్ సభ ఉమ్మడి సహకార సేద్యం తీర్మానం చేసింది. రైతు చేతి నుంచి భూమి పోతుందని, నిడుబ్రోలుకు చెందిన ఎన్.జి. రంగా కాంగ్రెస్ వదిలి, రాజాజీతో కలిసి పార్టీ పెట్టి, దానికి మొదటి అధ్యక్షుడయ్యారు. 1967లో ఆ పార్టీకి లోక్‌సభలో 44 సీట్లొచ్చాయి. 1974లో మరో పార్టీలో కలిసిపోయింది. రంగా వాదన అమెరికా నుంచి అరువు తెచ్చుకున్నది కాదు, గుంటూరు రైతు అనుభవం నుంచి వచ్చింది. అందుకే పోల్చి చదవడం బాగుంటుంది, ఒకటే అనడం తప్పు.

ఎక్కడ మొదలుపెట్టమంటారు?

టీవీ చర్చలతో వద్దు. బక్లీ 1966 నుంచి 1999 వరకు నడిపిన ఫైరింగ్ లైన్ కార్యక్రమం ఎపిసోడ్లు ఆన్‌లైన్‌లో చాలా దొరుకుతాయి. ఎదుటివాడిని పూర్తిగా మాట్లాడనిచ్చి వాదించడం ఎలా ఉంటుందో తెలుస్తుంది. సోవెల్ ఇంగ్లీషు తేలిక, ఇంటర్ చదివిన పిల్లలు కూడా చదవగలరు. నిస్బెట్ కాస్త నెమ్మదిగా చదవాలి. కేంబ్రిడ్జ్‌లో బాల్డ్విన్ ప్రసంగం వీడియో తప్పకుండా చూడండి, ఈ ఆలోచన ఎక్కడ ఓడిపోయిందో అందులో ఉంది. బర్క్ ఆర్కాటు ప్రసంగం ఉచితంగానే దొరుకుతుంది. పొడుగెక్కువ, లెక్కలెక్కువ. మొదటిసారి అంతా చదవకండి. హైదర్ అలీ దండయాత్ర వర్ణన దగ్గర అందుకుని, చెరువుల దాకా చదివి ఆపండి.